ఉమ్మడి పొయ్యి – విడి బిల్లు

చంద్రపూరులో మే నెల అంటే ఏమిటో ఇక్కడ రెండు మూడు తరాలుగా కాపురమున్న మన కుటుంబాలకు వేరే చెప్పనక్కరలేదు. ఉదయం పది దాటితే వీధిలో మనిషి కనబడడు. ఇంట్లో పెద్దల పని కూలరులో నీళ్లు పోయడం. పిల్లల పని ఆ కూలరు ముందు చోటుకోసం తగవులాడుకోవడం. 2023 మే నెలలో అటువంటి ఒక ఆదివారంనాడు మా ఇంటికి రెండు బిల్లుల సంగతి ఒకేసారి వచ్చి పడింది. ఒకటి మా కరెంటు బిల్లు. రెండవది లండనులో ఉన్న మా మేనకోడలి ఇంటి వేడి బిల్లు.

"వేడికి బిల్లేమిటిరా? ఇక్కడ సూర్యనారాయణమూర్తి ఊరికే ఇస్తున్నాడు గదా!" అన్నది మా అమ్మ.

అందరం నవ్వాము గాని, ఫోనులో అవతల ఉన్న పిల్ల నవ్వలేదు. "మామయ్యా, మీరు ఆఫీసులో ఇరవై ఏళ్లుగా బిల్లులే చూస్తున్నారు గదా. ఇదేమిటో చెప్పండి. పోయిన ఏటికంటె మూడింతలు వచ్చింది. నేను చూస్తే చలికాలమంతా ఇంట్లో కూడా కోటు వేసుకునే కూర్చున్నాను" అన్నది. అల్లుడికి ఉద్యోగం పోయి అప్పటికి రెండు నెలలు. గడువులోగా కట్టకపోతే ఫ్లాటు యజమాని తరఫు వకీలు నోటీసు వస్తుందని భయం. బల్లార్పూరులో ఉన్న మా అక్కయ్య ఈ మాట విని, చేతి గాజులు తాకట్టు పెట్టి డబ్బు పంపుతానని బయలుదేరింది. "రెండు వారాలు ఆగు అక్కయ్యా, ముందు కాగితం చూద్దాం" అని ఆపవలసి వచ్చింది.

ఆ రెండు వారాలలో నేను నేర్చుకున్నది, నా ఇంట్లో నేనే తెలుసుకున్న ఒక తెలివితక్కువతనంతో సహా, మన చదువరులకు పనికివస్తుందని వ్రాస్తున్నాను.

ఊరికంతా ఒకే పొయ్యి

చలిదేశాలలో ఇల్లు వెచ్చగా ఉంచుకోవడం కూడు గుడ్డలతో సమానమైన అవసరం. ప్రతి ఇంటా ఒక పొయ్యి పెట్టుకోకుండా, పేటకంతా ఒక పెద్ద బాయిలరు పెట్టి, అక్కడ కాచిన నీటినో ఆవిరినో భూమిలో వేసిన గొట్టాలద్వారా ఇంటింటికీ పంపే పద్ధతి ఒకటి ఉన్నది. మనకు నల్లా నీళ్లు వచ్చినట్లే వాళ్లకు వేడి వస్తుంది. గోడకు అమర్చిన ఇనుప పలకలలో ఆ వేడినీరు తిరిగి, గది వెచ్చబడి, చల్లారిన నీరు మళ్లీ బాయిలరుకు పోతుంది.

ఇది ఈనాటి ఊహ కాదు. ఫ్రాన్సులో షోద్‌జేగ్ అనే చిన్న ఊళ్లో పద్నాలుగవ శతాబ్దంలోనే వేడినీటి ఊట నుండి ఇళ్లకు గొట్టాలు వేసుకున్నారు. వ్యాపారంగా మొదలుపెట్టిన ఘనత అమెరికాలో లాక్‌పోర్టు అనే ఊరిలోని బర్డ్‌సిల్ హాలీ అనే ఆయనది; అది 1877లో. న్యూయార్కు నగరంలో 1882లో మొదలైన ఆవిరి సరఫరా ఈనాటికీ నడుస్తున్నది.

మన ఊర్జానగర్ థర్మల్ కేంద్రం సంగతి ఇక్కడ చెప్పుకోక తప్పదు. దాని శక్తి 2,920 మెగావాట్లు. మనవాళ్లు ఎందరో అందులోను, దానికి బొగ్గు త్రవ్విపోసే గనులలోను పనిచేశారు, చేస్తున్నారు. అటువంటి కేంద్రంలో బొగ్గునుండి వచ్చే వేడిలో సుమారు మూడవ వంతు మాత్రమే కరెంటుగా మారుతుంది. మిగిలినదంతా పొగగొట్టాలనుండీ, ఆ పెద్ద కూలింగ్ టవర్ల నుండీ ఆకాశానికి పోతుంది. ఎరయి డ్యాము నుండి వచ్చే నీటిలో ఎంతో భాగం ఆవిరై పోయేది ఈ వేడిని మోయడానికే. మే నెలలో చంద్రపూరువాసికి ఆ వేడి ఎవరు ఊరికే ఇచ్చినా వద్దు. కాని డెన్మార్కువంటి దేశంలో ఆ వేడే బంగారం. అక్కడ 1903లోనే కోపెన్‌హేగెన్ నగరాన్ని ఆనుకున్న ఫ్రెడరిక్స్‌బెర్గ్‌లో చెత్త కాల్చిన వేడిని ఆసుపత్రి మొదలైన భవనాలకు పంపారు. ఈనాడు ఆ దేశంలో సుమారు మూడింట రెండు వంతుల ఇళ్లకు ఉమ్మడి వేడే ఆధారం.

ఒక్కటే దుకాణం

ఇంత మంచి పద్ధతిలో బిల్లు మూడింతలు ఎందుకయింది?

ఉమ్మడి పొయ్యికి ఒక స్వభావం ఉన్నది. బజారులో ఒకడు బియ్యం ధర పెంచితే ఇంకొక దుకాణానికి పోతాము. గొట్టం మాత్రం ఒక్కటే. ఫ్లాటు కొన్ననాడే ఆ గొట్టానికి కట్టుబడిపోయినట్లు లెక్క. అమ్మేవాడు ఒకడే అయినప్పుడు కొనేవాడికి దిక్కు చట్టమే.

డెన్మార్కువారు 1973లో చమురు ధరలు పెరిగి దెబ్బతిన్న తరువాత, 1979లో ఉష్ణ సరఫరా చట్టం చేసుకున్నారు. వేడి సరఫరా చేసేవారు నిజంగా అయిన అవసరపు ఖర్చులనే వసూలు చేయవలెగాని లాభానికి అమ్మరాదన్నది అందులోని మూలసూత్రం. అక్కడ చాలా సంస్థలు వాడుకదార్ల సంఘాలవో, మునిసిపాలిటీలవో.

ఇంగ్లండులో అటువంటి కట్టుబాటు చాలాకాలం లేదు. ఇళ్లకు వచ్చే గ్యాసు, కరెంటుల ధరకు 2019 జనవరి నుండి ఆఫ్‌జెమ్ అనే ప్రభుత్వ నియంత్రణ సంస్థ ఒక గరిష్ఠ హద్దు పెట్టింది. కాని ఉమ్మడి బాయిలరుకు గ్యాసు కొనేది ఇంటివాడు కాదు, భవన నిర్వాహకుడు. అతడు వ్యాపారపు రేటున కొంటాడు. కాబట్టి ఆ హద్దు వీళ్లకు వర్తించలేదు. 2022లో రష్యా, ఉక్రెయిన్ యుద్ధంతో గ్యాసు ధర ఆకాశానికి పోయినప్పుడు, పక్క వీధిలో సొంత బాయిలరు ఉన్నవాడికి హద్దు అడ్డుపడింది. ఉమ్మడి బాయిలరు ఇళ్లవాళ్లకు అడ్డు లేకపోయింది. మా మేనకోడలి బిల్లు మూడింతలు కావడానికి సగం కారణం ఇదే.

మిగిలిన సగం కాగితాలలో బయటపడింది.

వరండాకు చలి లేదు

నేను మొదట అడిగిన ప్రశ్న ఒక్కటే. "నీ ఇంట్లో మీటరు ఉన్నదా అమ్మాయీ?"

లేదన్నది. ఆ భవనంలో గ్యాసు ఖర్చంతా కలిపి, ఫ్లాటు వైశాల్యాన్నిబట్టి పంచి, భవన నిర్వహణ ఛార్జీలోనే వేసేవారు. ఈమె కోటు వేసుకుని కూర్చున్నా, కిటికీలు తెరుచుకుని బాయిలరు వాడుకున్నవాడైనా వాటా ఒక్కటే. అంటే ఈమె పొదుపు ఈమెకు పైసా మిగల్చదు. అటువంటిచోట వాడకం తగ్గించి లాభం లేదు. మొత్తం లెక్కనే చూడవలె.

రెండవ ప్రశ్న: "ఆ వేడి ఇంకెక్కడికి పోతున్నది?" దీనికి ఆమె కొంచెం ఆలోచించి, "మామయ్యా, మా వరండాలో మాత్రం ఎప్పుడూ చలి ఉండదు. జనవరిలో కూడా మెట్లెక్కి వచ్చేసరికి కోటు విప్పవలసి వస్తుంది" అన్నది. గొట్టాలు వరండా పైకప్పులోనుండి పోతున్నాయి. వాటిమీద వేడి పోకుండా చుట్టవలసిన పట్టీ చాలాచోట్ల ఊడిపోయి ఉన్నది. నలభై కుటుంబాలు కలిసి ఎవరూ నివసించని వరండాను వెచ్చబెడుతున్నారన్నమాట!

మూడవ ప్రశ్న: "సర్కారు ఇచ్చిన రాయితీ బిల్లులో కనబడుతున్నదా?" 2022 అక్టోబరు నుండి 2023 మార్చి వరకు బ్రిటిషు ప్రభుత్వం వ్యాపారపు రేటున గ్యాసు కొనేవారికి కూడా రాయితీ ఇచ్చింది. ఆ గ్యాసుతో ఇళ్లకు వేడి ఇచ్చేవారు రాయితీని వాడుకదార్లకు అందజేసి తీరాలని నిబంధన చేసింది. ఈ సంగతి ఆమెకు తెలుసును గాని, బిల్లులో అటువంటి పద్దు లేదు.

అప్పుడామె చేసిన పని తలుపులు తట్టడం. మొదట ఎదురింటి ముసలామె, తరువాత పై అంతస్తు నైజీరియా కుటుంబం, చివరకు పంతొమ్మిది ఇళ్లవారు ఒకే ఉత్తరంమీద సంతకాలు పెట్టారు. అక్కడ 1985 నాటి భూస్వామి-కౌలుదారు చట్టం ఒకటి ఉన్నది. దాని ప్రకారం నిర్వహణ ఛార్జీ కట్టేవారు ఖర్చుల పట్టీ అడగవచ్చు; అది వచ్చిన ఆరు నెలలలోగా అసలు రసీదులు చూపమని కోరవచ్చు. ఖర్చు అయిన పద్దెనిమిది నెలలలోగా బిల్లుగాని, వ్రాతపూర్వకమైన తెలియజేతగాని రాకపోతే ఆ ఖర్చు వసూలు చేయరాదు. ఛార్జీ న్యాయమైనదా కాదా తేల్చడానికి ఒక ట్రిబ్యునలు కూడా ఉన్నది.

ట్రిబ్యునలుదాకా పోనక్కరలేకపోయింది. రసీదులు చూడగా రాయితీ సొమ్ము వచ్చి జమ అయి ఉన్నది. ఇళ్ల లెక్కలోకి మాత్రం ఎక్కలేదు. అది వాటాలవారీగా తగ్గించారు. గొట్టాలకు పట్టీలు మరుసటి చలికాలానికి వేశారు. మిగిలిన సొమ్ము నాలుగు వాయిదాలలో కట్టుకొమ్మన్నారు. బిల్లు పాతదానికి దిగిపోయిందని చెప్పను; గ్యాసు ధర నిజంగానే పెరిగింది గదా. మూడింతలది రెండింతలకు వచ్చింది. అల్లుడికి ఆగస్టులో మళ్లీ ఉద్యోగం దొరికింది.

అక్కడి చట్టంలో లోపం కూడా తరువాత కొంత సర్దుకున్నది. 2023 నాటి ఇంధన చట్టం ప్రకారం ఉమ్మడి వేడి కూడా ఆఫ్‌జెమ్ క్రిందికి వచ్చింది. 2025 ఏప్రిల్ నుండి ఫిర్యాదులు వినడానికి ఎనర్జీ అంబుడ్స్‌మన్ ఉన్నారు. 2026 జనవరి నుండి పూర్తి నియంత్రణ మొదలయింది.

ఇక మన ఇంటి దీపం

లండను బిల్లుకు ఇన్ని సలహాలు చెప్పిన మనిషి తన ఇంటి బిల్లును ఇరవై ఏళ్లుగా ఎట్లా చూశాడు? క్రింద ఉన్న అంకె చూసి, నిట్టూర్చి, కట్టాడు. ఆ నెల మాకు 412 యూనిట్లు వచ్చింది. మార్చిలో 178. "కూలరు తిరగడంలేదూ మరి" అనుకున్నాము. మా ఆవిడ మాత్రం, "మూడు ప్రశ్నలు అమ్మాయిని అడిగారు గదా, ఒక్కటైనా మన మీటరును అడిగారా?" అన్నది.

కరెంటుకూ మనకు ఒక్కటే తీగ. థర్మల్ కేంద్రం పక్కనే ఉన్నాము కాబట్టి చవకగా రావలెనని మనలో కొందరి వాదన. బూడిద మనమీద పడుతున్నదన్నది నిజమేగాని, రేటు మాత్రం రాష్ట్ర విద్యుత్ నియంత్రణ కమిషను నిర్ణయించేది. మహావితరణ్ ప్రాంతమంతటా ఇంటి వాడకానికి ఒకటే. పాత రాష్ట్ర విద్యుత్ బోర్డు 2005లో విడిపోయినప్పటినుండి ఉత్పత్తి ఒక కంపెనీది, పెద్ద లైన్లు ఒకదానివి, పంపిణీ మరొకదానిది. అందుకే బిల్లులో అన్ని పద్దులు.

స్థిర ఆకారం అన్నది మీరు ఊరికి పోయి తాళం పెట్టినా కట్టవలసినది. విద్యుత్ ఆకారం యూనిట్లనుబట్టి. వహన ఆకారం అంటే తీగలమీద మోసి తెచ్చినందుకు, అదీ యూనిట్లనుబట్టే. ఇంధన సర్దుబాటు అన్నది బొగ్గు మొదలైనవాటి ధర మారినప్పుడు హెచ్చుతగ్గులయ్యేది. వీటిపైన ఇళ్లకు నూటికి పదహారు వంతున విద్యుత్ సుంకం. ఈ సుంకం పోయేది కంపెనీకి కాదు, రాష్ట్ర ప్రభుత్వానికి.

అసలు కిటుకు మెట్లలో ఉన్నది. నెలకు 100 యూనిట్లవరకు ఒక రేటు, 300 వరకు ఇంకొకటి, 500 వరకు మరొకటి, ఆపైన ఇంకా ఎక్కువ. రేట్లు మారుతుంటాయి కాబట్టి లెక్కకోసం 4, 9, 13 రూపాయలనుకుందాము. 178 యూనిట్లకు 1,102 రూపాయలు. 412 యూనిట్లకు 3,656 రూపాయలు. వాడకం రెండు రెట్లు దాటితే సొమ్ము మూడు రెట్లు దాటింది! మరి దీనికి రెండవ వైపు కూడా చూడండి. 412లో పై మెట్టుమీది 112 యూనిట్లు మానుకుంటే వాడకంలో పావువంతు తగ్గినట్లు. సొమ్ములో మాత్రం అయిదింట రెండు వంతులు తగ్గుతుంది. పొదుపు చేసిన యూనిట్టు ఎప్పుడూ పై మెట్టునుండే దిగుతుంది.

ఇంకొక సంగతి. ఒక నెల మీటరు చూడక రెండు నెలలది కలిపి వ్రాస్తే, మెట్లు కూడా రెండు నెలలకు రెట్టింపు కావలె. అదే 412 యూనిట్లు రెండు నెలలవైతే పై రేట్లతో 2,708 రూపాయలే అవుతుంది. ఒకే నెలగా లెక్కగడితే 948 రూపాయలు ఎక్కువ పడుతుంది. బిల్లుమీద పాత రీడింగు, కొత్త రీడింగు, తేదీలు చూసుకోవలసినది ఇందుకే.

మా బిల్లులో ఇవన్నీ సరిగానే ఉన్నాయి. అప్పుడు ఇంట్లో దీపాలు, పంఖాలు, కూలరు, ఫ్రిజ్ అన్నీ ఆపి మీటరు ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. దానిమీద ఒక చిన్న ఎర్రదీపం ఉంటుంది. కరెంటు ఖర్చవుతున్నకొద్దీ అది మినుకుమంటుంది. చాలాసేపు అది కదలలేదు. లేవబోతుండగా ఉన్నట్టుండి గబగబ మినుకుమనసాగింది. దొంగ ఇంట్లోనే ఉన్నాడు!

పెరటివైపు పాత స్నానాలగదిలో జనవరిలో వేసిన గీజరు. దాని గుర్తుదీపం మాడిపోయింది కాబట్టి ఆపినట్లే కనబడింది. అప్పటినుండి పగలనక రాత్రనక నీళ్లు చల్లారగానే మళ్లీ కాస్తున్నది. నలభై ఆరు డిగ్రీల ఎండలో చంద్రపూరులో ఎవరూ పోసుకోని వేణ్ణీళ్లు కాచిన ఘనత నాది. రోజుకు సుమారు రెండు యూనిట్లు, నెలకు అరవై. అన్నీ పై మెట్టువే. లండనులో వరండా, ఇక్కడ గీజరు. వాళ్లను చూసి నవ్విన నోరు మూతపడింది.

గుర్తుంచుకోవలసినవి

తప్పు మనదైతే స్విచ్చి ఆపితే తీరుతుంది. తప్పు లెక్కలో ఉన్నదనిపిస్తే ఏమి చేయవలె? కౌంటరు దగ్గర కేకలు వేస్తే నోరు నొప్పి తప్ప లాభం లేదు. అక్కడ కూర్చున్నవాడు నావంటి గుమాస్తా. కాగితం ఇస్తే అతడు కదలక తప్పదు.

ఫిర్యాదు వ్రాతమూలకంగా ఇచ్చి, నకలుమీద తేదీతో ముద్ర వేయించుకోండి. మీటరుమీద అనుమానముంటే రుసుము కట్టి పరీక్ష కోరండి. 2003 నాటి విద్యుత్ చట్టం 56వ సెక్షను మనవంటివారు కంఠస్థం చేయదగినది. బాకీకి కరెంటు తీసివేయాలంటే ముందుగా పూర్తి పదిహేను రోజుల వ్రాతపూర్వక నోటీసు ఇవ్వవలె. బిల్లుమీద వివాదముంటే, అడిగిన సొమ్ముగాని, గత ఆరు నెలల సగటు లెక్కనగాని, ఏది తక్కువైతే అది అభ్యంతరంతో కట్టినవారికి వివాదం తేలేవరకు కరెంటు తీయరాదు. బాకీగా వరుసగా చూపుతూ రానిదైతే, రెండేళ్లు దాటిన పాత సొమ్ము వసూలు చేయరాదు.

ఆఫీసులో తేలకపోతే వినియోగదారుల ఫిర్యాదుల వేదిక ఉన్నది. సమస్య పుట్టిన రెండేళ్లలోగా పోవలె. అక్కడి ఉత్తర్వు నచ్చకపోతే అరవై రోజులలోగా విద్యుత్ అంబుడ్స్‌మన్‌కు విన్నవించుకోవచ్చు. విదర్భవారికి ఆ కార్యాలయం నాగపూరులో ఉన్నది. గడువు దాటితే ఎంత న్యాయమైన మాటైనా చిత్తుకాగితమే.

అపార్టుమెంట్లలో ఉన్నవారికి ఇంకొక మాట. లిఫ్టు, నీళ్ల మోటారు, మెట్ల దీపాలు ఉమ్మడి మీటరుమీద ఉంటాయి. మా మేనకోడలి మూడు ప్రశ్నలు అక్కడా పనికివస్తాయి: వాటా దేనినిబట్టి వేస్తున్నారు? ఎవరికీ అక్కరలేనిచోట ఏమి ఖర్చవుతున్నది? వచ్చిన రాయితీ, వడ్డీ ఎవరి లెక్కలో పడింది? ఏడాదికొకసారి అసలు బిల్లులు బల్లమీద పెట్టమంటే, మంచి కమిటీ అయితే కోపం తెచ్చుకోదు.

మన పెద్దలు బొగ్గు గనులలోకి వచ్చిన రోజులలో జీతపుచీటీ చదవగలిగినవాడు వాడలో ఒకడుంటే, అరుగుమీద పదిమందికి అతడే చదివిపెట్టేవాడట. మన సంఘం నెలవారీ సమావేశంలో ఒక గంట అట్లా కేటాయిస్తే బాగుంటుంది. ఎవరి బిల్లు వాళ్లు తెచ్చుకోండి. చదవడానికి నేను వస్తాను. మరాఠీ అక్షరాలు కూడబలుక్కోలేని మన ముసలివాళ్లు ఇంకా ఎందరో ఉన్నారు. వాళ్లు అంకె చూసి భయపడి, పింఛనులోనుండి తీసి కడుతున్నారు.

మా అక్కయ్య గాజులు ఆమె చేతికే ఉన్నాయి. మా గీజరు స్విచ్చికి మాత్రం మా అమ్మ ఒక ఎర్ర దారం కట్టించింది. హోలీనాడు కట్టి సంక్రాంతికి విప్పవలెనని ఆమె ఉత్తర్వు.